డైరీలో ఫిర్యాదు, ఇంట్లో దెబ్బలు: ఏడో తరగతి పిల్లాడి విషయంలో బడీ ఇల్లూ కలిసి చేయాల్సిన పని

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. కొడుకు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. వారానికి మూడు నాలుగు సార్లు డైరీలో ‘క్లాసులో డిస్టర్బ్ చేస్తున్నాడు, ఇంట్లో చెప్పండి’ అని రాసి పంపుతున్నారు. తండ్రి రొయ్యల గుంటల దగ్గర పని. ఇంటికొచ్చి డైరీ చూసినప్పుడల్లా కొడుతున్నాడు. ఇప్పుడు పిల్లాడు డైరీ దాచేస్తున్నాడు. బడికి పోతే ‘ఇంట్లో భయం పెట్టండి’ అంటారు. ఇంట్లో ‘పగలంతా వాళ్ళ దగ్గరేగా ఉండేది, వాళ్ళే చూసుకోవాలి’ అంటారు. మధ్యలో నేనేం చేయాలి అని ఆమె అడుగుతోంది.

అమ్మా, ముందు ఆ డైరీ వాక్యం సంగతి చూద్దాం. ‘డిస్టర్బ్ చేస్తున్నాడు’ అన్న మాటతో మీరు గాని, మీ ఆయన గాని చేయగలిగింది ఏమీ లేదు. ఏం చేశాడో అందులో లేదు. పక్కవాడితో మాట్లాడాడా, లేచి తిరిగాడా, పెన్ను లాక్కున్నాడా, సార్ అడగకముందే జవాబు అరిచాడా? ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు. పైగా పదకొండు గంటలకు జరిగినదానికి రాత్రి ఎనిమిదికి దెబ్బ పడితే, పిల్లాడి బుర్రలో ఆ దెబ్బ ముడిపడేది పొద్దున చేసిన పనితో కాదు, డైరీ చూపించడంతో. అందుకే డైరీ దాస్తున్నాడు. వాడు నేర్చుకున్న పాఠం సరిగ్గా అదే. బడి నుంచి ఇంటికి వచ్చే ఒక్క దారినీ మనమే మూసేశాం. దాన్ని తెరవడమే మొదటి పని. మీ ఆయనతో ఇవాళే మాట్లాడి, డైరీలో ఏముందన్న దాని మీద ఇక చెయ్యెత్తనని ఒప్పించండి. ఇది కుదరకపోతే కింద చెప్పేవేవీ పని చేయవు.

బడికి పోయి అడగాల్సింది ‘మా వాడు ఎట్లా ఉన్నాడు సార్’ అని కాదు. నాలుగు విషయాలు అడగండి: ఏ పీరియడ్‌లో, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడు చేసింది ఏమిటి (కంటికి కనపడిందే), ఆ తర్వాత ఏం జరిగింది. ఐదారు బడి రోజులు క్లాస్ టీచర్ ఒక నోటుబుక్కు పేజీలో ఈ నాలుగు గళ్ళు గీసి రాస్తే చాలు. ఒక్కో వరుసకు అర నిమిషం పడుతుంది. అది ఇట్లా ఉంటుంది:

‘మంగళవారం, ఆరో పీరియడ్, లెక్కలు. ముందు: భిన్నాల లెక్క బోర్డు మీద రాసి చేయమన్నాం. చేసింది: ముందు బెంచీ అబ్బాయి పెన్ను లాక్కున్నాడు, మూడుసార్లు. తర్వాత: బయట నిలబెట్టాం.’

ఇట్లాంటి వరుసలు నాలుగు వచ్చి, అందులో మూడు లెక్కల్లోనే ఉన్నాయనుకోండి. సంగతి చాలావరకు తేలినట్టే. వాడికి భిన్నాలు రావు. రానిదాన్ని నలుగురిలో చేయలేక నవ్వులపాలు కావడం కంటే అల్లరివాడు అనిపించుకోవడం వాడికి నయం. బయట నిలబెట్టడం మనకు శిక్ష, వాడికి మాత్రం లెక్క నుంచి విడుదల. ఎన్నిసార్లు బయటికి పంపితే అన్నిసార్లు ఆ అల్లరికి మనమే బహుమానం ఇచ్చినట్టు. దీనికి మందు వేరే ఉంది: నాలుగు, ఐదు తరగతుల భిన్నాలు రోజుకు పదిహేను నిమిషాల చొప్పున మళ్ళీ చెప్పడం. లెక్కల పీరియడ్‌లో మొదటి రెండు లెక్కలు వాడికి వచ్చినవే ఇచ్చి, మూడోది కొత్తది ఇవ్వడం.

అదే వరుసలు వేరే తీరున కూడా రావచ్చు. అన్నీ భోజనం బెల్లుకు ముందే ఉంటే, పొద్దున ఏం తిని బయల్దేరాడో చూడాలి. అన్నీ మధ్యాహ్నం ఉంటే రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నాడో చూడాలి. వెనక బెంచీలో కూర్చున్నప్పుడే ఉంటే కంటి పరీక్ష చేయించాలి. బోర్డు కనపడని పిలకాయలు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి ‘మాట్లాడుతున్నాడు’ అనిపించుకోవడం మామూలే. వాడు ఏదైనా చేయగానే తరగతి అంతా నవ్వుతూ, సార్ కూడా పాఠం ఆపి ఐదు నిమిషాలు వాడితోనే మాట్లాడుతుంటే, వాడికి కావలసింది ఆ చూపులే. అట్లాంటివాడికి మంచిగా ఉన్న నిమిషంలో ఆ చూపు దొరికేట్టు చేయాలి. కారణం తెలియకుండా మొదలుపెడితే ఆకలేసినవాడికి లెక్కలు, లెక్కలు రానివాడికి నీతులు చెబుతూ కూర్చుంటాం.

ఇక కలిసి కూర్చోవడం. ఇరవై నిమిషాలు చాలు. క్లాస్ టీచర్, గొడవ ఎక్కువ జరిగే సబ్జెక్టు టీచర్, తల్లి, వీలైతే తండ్రి. చివరి ఐదారు నిమిషాలకు మాత్రం పిల్లాణ్ణి పిలవాలి. మొదటి నుంచీ నిలబెట్టి వాడి ముందే వాడి తప్పులు చదవకూడదు. టీచర్లకు నేను మరీ మరీ చెప్పే మాట ఒకటుంది: కుర్చీ వేయండి. మన దగ్గర చాలామంది తల్లులు స్టాఫ్‌రూమ్ గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, అన్నిటికీ ‘సరే సార్’ అని వెళ్ళిపోతారు. ఆ ‘సరే’ ఒప్పందం కాదు, అక్కణ్ణుంచి తొందరగా బయటపడే మార్గం. కూర్చున్న మనిషి మాత్రమే ‘ఇంట్లో వాడు రాత్రి పదకొండు దాకా ఫోన్ చూస్తాడు మేడం’ అని నిజం చెబుతుంది. మొదట పిల్లాడు బాగా చేసే పని ఒకటి చెప్పండి, అది నిజమైనదై ఉండాలి. ‘మీ వాడు’ అనకుండా ‘మనవాడు’ అనండి. చిన్న మాటే గానీ, ఎదుటి మనిషి ముఖం మారేది అక్కడే.

సమయం విషయంలో బడి కొంచెం వంగాలి. నాట్లకో కోతలకో పోయే తల్లిని పదకొండు గంటలకు రమ్మంటే అరపూట కూలి పోతుంది. బడి మొదలయ్యే ముందో, లాంగ్ బెల్ తర్వాతో పెట్టుకోవాలి. గుంటల మీద ఉండే తండ్రి రొయ్యలు పట్టే రోజుల్లో రాలేడు. ఆయన్ను ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడించవచ్చు. కొత్తపట్నం, మైపాడు వైపు వేటకు పోయే ఇళ్ళలో తండ్రి తెల్లవారుజామున కడలికి పోతే ఏ వేళకు వస్తాడో తెలియదు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్నా, ఆ రోజుల్లో ఎక్కువ భాగం బడికి సెలవులే, కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో అమ్మానాన్న ఇద్దరూ బేల్దారి (ఇళ్ళు కట్టే) పనులకు హైదరాబాదో బెంగుళూరో పోయి, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అట్లాంటి చోట రిజిస్టర్లో తండ్రి నంబరుకు ఫోన్ చేసి లాభం లేదు. ‘రోజూ అన్నం పెట్టేది ఎవరు’ అని పిల్లాణ్ణి అడిగి, ఆ మనిషిని పిలవాలి. చదువు రాని అవ్వకు డైరీలో రాసి ప్రయోజనం లేదు, ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పంపండి.

ఆ ఇరవై నిమిషాల్లో తేలాల్సింది ఒక చీటీ. అర పేజీ కాగితం. దాని మీద రెండు పనులు రాయాలి. మూడు దాటితే ఎవరూ నడపలేరు. చేయకూడనిది రాయొద్దు, చేయాల్సింది రాయండి. ‘మాట్లాడకూడదు’ అని కాదు, ‘మాట్లాడాలంటే చెయ్యి ఎత్తుతాను’ అని. ‘కొట్టుకోకూడదు’ అని కాదు, ‘నా చేతులు నా బెంచీ మీదే ఉంటాయి’ అని. వాడి మాటల్లో, వాడి చేతిరాతతో రాయించండి. రోజును నాలుగు ముక్కలు చేయండి: బడి మొదలు నుంచి ఇంటర్వెల్, అక్కణ్ణుంచి భోజనం, భోజనం నుంచి సాయంత్రం ఇంటర్వెల్, తర్వాత లాంగ్ బెల్. రెండు పనులు, నాలుగు ముక్కలు, మొత్తం ఎనిమిది గళ్ళు. చేసిన గడిలో టిక్కు. చేయని గడి ఖాళీ. ఇంటూ మార్కు పెట్టొద్దు, ఎర్ర పెన్ను వాడొద్దు, కింద వ్యాఖ్య రాయొద్దు. రోజు మొత్తం మీద టీచర్‌కు పట్టేది రెండు మూడు నిమిషాలు.

లక్ష్యం ఎంత పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. మొదటి వారం లక్ష్యం లేకుండా ఊరికే టిక్కులు పెట్టి చూడండి. రోజుకు సగటున మూడు వస్తున్నాయనుకుంటే రెండో వారం లక్ష్యం నాలుగు. ఎనిమిది కాదు, ఆరు కూడా కాదు. ఆరు బడి రోజుల్లో ఐదు రోజులు నాలుగు అందుకుంటే తర్వాత ఐదు. మొదటి రోజే ఎనిమిదికి ఎనిమిది కావాలంటే వాడు పది గంటలకే ఒక గడి పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా మంచిగా ఉండటానికి వాడికి కారణమే ఉండదు.

ఇంటి పని సాయంత్రం మొదలవుతుంది. మీరే అడగాలి, నవ్వుతూ అడగాలి: ‘ఏది నాయనా, ఈరోజు చీటీ చూపించు.’ లక్ష్యం అందితే ఆ రాత్రే ఏదో ఒకటి దక్కాలి. నెలాఖరుకు క్రికెట్ బ్యాటు కొనిస్తాననే మాట పన్నెండేళ్ళ పిల్లాణ్ణి బుధవారం మధ్యాహ్నం ఆపలేదు. డబ్బు ఇవ్వొద్దు, అలవాటైతే రేటు పెరుగుతుంది. ఫోన్ కూడా వద్దు, అది రేపు మళ్ళీ ఇంకో గొడవ. నాన్న బండి మీద గుంట దాకా పోయి మేత వేసి రావడం, రాత్రికి ఆమ్లెట్టు, పడుకునేముందు అరగంట తమ్ముడు లేకుండా అమ్మతో కబుర్లు, వారంలో ఐదు రోజులు అందితే ఆదివారం చేపల పులుసుకు ఏ చేప తేవాలో వాడే చెప్పడం. ఇట్లాంటివి ఐదారు వాడితోనే రాయించి పెట్టుకోండి. ఇవన్నీ మామూలుగా ఇంట్లో ఉండేవే కదా అనుకోవద్దు. నాన్న బండి వెనక కూర్చునే అరగంటకు పిల్లలు ఇచ్చే విలువ పెద్దవాళ్ళు ఊహించలేరు. అందకపోతే? ‘పర్లేదు, రేపు చూద్దాం’ అంతే. ఉపన్యాసం లేదు, దెబ్బ లేదు, అన్నం మానిపించడం అసలు లేదు. నిన్న సంపాదించుకున్నదాన్ని ఇవాళ్టి తప్పుకు లాక్కోవడం కూడా లేదు.

మెచ్చుకునేటప్పుడు ‘మంచోడివి’ అంటే చాలదు. వాడు చేసిందేదో అది చెప్పాలి: ‘మూడో పీరియడ్‌లో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తి ఆగావంట కదా’ అని. వాడు రేపు మళ్ళీ చేయగలిగేది ఆ పనిని. మంచోడుగా ఉండటం ఎట్లాగో వాడికి తెలియదు. ఒక తప్పు ఎత్తి చూపేలోగా నాలుగు మంచివి కనిపెట్టి చెప్పాలన్న లెక్క టీచర్లూ పెట్టుకోవచ్చు, తల్లిదండ్రులూ పెట్టుకోవచ్చు.

ఎక్కడ చెడుతుందో కూడా ముందే తెలిసి ఉండాలి. మొదటి నాలుగైదు రోజులు అల్లరి పెరగవచ్చు. ఇన్నాళ్ళూ పనిచేసిన ఎత్తు ఇప్పుడు పనిచేయకపోయేసరికి వాడు దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. సరిగ్గా అప్పుడే ‘ఇదంతా దండగ’ అని ఆపేస్తే, గట్టిగా చేస్తే పనవుతుందని వాడికి మనమే నేర్పినట్టు. రెండో చిక్కు: టిక్కులు పెట్టి కిందనే ‘ఐదో పీరియడ్‌లో మళ్ళీ అల్లరి’ అని రాసే టీచర్. చీటీ ఆ క్షణంలో పాత డైరీ అయిపోతుంది. మూడోది జేజి, అంటే ఇంట్లో ఉండే అవ్వ. లక్ష్యం అందకపోయినా ‘పాపం పసిబిడ్డ’ అని ఆమ్లెట్టు వేసి పెట్టే జేజిని కూడా మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాలి. నాలుగోది చీటీ పోగొట్టుకోవడం. మొదటి వారం క్లాస్ టీచర్ ఫోటో తీసి అమ్మకు వాట్సాప్‌లో పంపితే మేలు. తర్వాత చీటీ రాకపోతే ఆ రోజు సున్నా, గొడవ లేకుండా. ఐదోది, హైస్కూల్లో ఆరేడు మంది టీచర్లు. అందరికీ ఒకేసారి చెప్పకపోతే ఒకరు టిక్కు పెట్టే పనికి ఇంకొకరు గోడ కుర్చీ వేయిస్తారు. స్టాఫ్‌రూమ్‌లో హెడ్మాస్టర్ రెండు నిమిషాలు అందరితో మాట్లాడాలి.

అన్నిటికంటే ఎక్కువ జరిగేది మాత్రం ఇంకోటి. మూడో వారంలో బాగుపడుతున్నాడు కదా అని టీచరూ తల్లీ ఇద్దరూ ఒకేసారి వదిలేస్తారు. పది రోజుల్లో మొదటికొస్తుంది, ‘వాడంతే’ అనే ముద్ర శాశ్వతంగా పడుతుంది. ముందు 20 బడి రోజులు అని గడువు పెట్టుకోండి. రోజుకు ఏడు టిక్కులు రెండు వారాలు నిలబడ్డాక వారానికి మూడు రోజులే చీటీ, తర్వాత శనివారం ఒక్కరోజు, తర్వాత వాడే తనకు తాను పెట్టుకునే టిక్కు. మెల్లగా దించాలి.

దెబ్బల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది టీచర్ల కంటే తల్లిదండ్రుల నోటి నుంచే ఎక్కువ వినపడుతుంది: ‘కళ్ళు తప్ప ఒళ్ళంతా మీదే సార్, నాలుగు తగిలించండి.’ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. తల్లిదండ్రి అనుమతి ఇచ్చారన్నంత మాత్రాన ఆ నిషేధం పోదు. మోకాళ్ళ మీద నిలబెట్టడం, గుంజీలు, పేరు పెట్టి ఎగతాళి చేయడం కూడా దీని కిందికే వస్తాయి. చట్టం పక్కన పెట్టినా, దెబ్బ కొట్టే మనిషి ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఆ మనిషి వెనక్కి తిరగ్గానే అల్లరి మళ్ళీ మొదలు. బదులుగా ఏం చేయాలో దెబ్బ నేర్పదు. మీ ఇంట్లోనైతే అది డైరీ దాచడం నేర్పింది. తండ్రి ప్రేమలేనివాడని నేను అనడం లేదు. పొద్దంతా ఏరేటర్ల (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాల) చప్పుడులో గుంట గట్టు మీద గడిపి వచ్చిన మనిషి చేతికి ఫిర్యాదు ఇస్తే ఆయనకు అందుబాటులో ఉన్నది ఒక్కటే. ఆయన చేతికి చీటీ ఇవ్వండి, బండి మీద తీసుకుపోయే పని ఆయనకు అప్పగించండి.

నిద్ర విషయం చిన్నదిగా చూడొద్దు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఆరింటికి లేవాల్సినవాడు తొమ్మిదికి పడుకోవాలి. ఫోన్ వంటింటి అలమరలో చార్జింగ్ పెట్టండి, మంచం దగ్గర కాదు. పొగాకు పండించే ఊళ్ళలో ఆకును వేడికి ఆరబెట్టే (క్యూరింగ్) రోజుల్లో ఆ కొట్టం (బ్యారన్) దగ్గర రాత్రి మేలుకొనే పిల్లలు, గుంటల కాడ కావలికి నాన్నతో పోయే పిల్లలు పొద్దున బెంచీ మీద తల వాలుస్తారు, లేదా చిరాకుతో కొట్లాడతారు. అది క్రమశిక్షణ సమస్య కాదు.

టీచర్లకు ఒక్క పని. జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లోనే ప్రతి ఇంటికీ ఒక మంచి మాటతో ఫోన్ చేయండి. నలభై మంది పిల్లలకు రోజుకు నాలుగు ఫోన్లు, ఒక్కోటి రెండు నిమిషాలు, పది రోజుల్లో అయిపోతుంది. ‘మీ పాప ఈరోజు కొత్తగా వచ్చిన పిల్లకు పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది’ అని. బడి నంబరు చూడగానే ‘ఏం చేశాడో ఏమో’ అని గుండె జారే ఇల్లు ఆగస్టులో మీరు చేసే ఫోన్ ఎత్తదు. తరగతి వాట్సాప్ గ్రూపులో ఏ పిల్లాడి తప్పూ రాయొద్దు, ఫోటో అసలు పెట్టొద్దు. అది నూరు ఇళ్ళకు పోతుంది, వెనక్కి రాదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అంతమంది తల్లిదండ్రులు గేటు లోపలికి రావడం మంచిదే. కానీ ఆ హడావుడిలో ఒక్క పిల్లాడి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడటం కుదరదు. ఆ రోజు టీచర్ దగ్గర వేరే రోజుకు సమయం రాయించుకుని రండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ సభ్యుల్లో 75 శాతం తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఒక్క ఇల్లు చేయలేని పనులకు దాన్ని వాడుకోండి. ఆటో రోజూ ఆలస్యంగా దించడం అట్లాంటిదే. బడికి 100 గజాల లోపు బంకులో గుట్కా, సిగరెట్లు అమ్మడం కూడా అంతే, 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం దాన్ని నిషేధించింది. కమిటీ తీర్మానం రాసి ఇస్తే అది అందరి ఫిర్యాదు అవుతుంది, మీ ఒక్కరి మీదికి రాదు.

నెలన్నర నిజాయితీగా నడిపినా కదలిక లేకపోతే చీటీని నిందించొద్దు, ఇంకా ఏదో ఉంది. వినికిడి, చూపు, ఒకచోట కూర్చోలేకపోవడం, అక్షరాలు తారుమారు కావడం: బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి చూపించమని హెడ్మాస్టర్‌ను అడగండి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్‌తో మాట్లాడండి. పెద్దవాళ్ళకు గాని పిల్లలకు గాని మనసు కుదురుగా లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఉన్నట్టుండి మారిపోయిన పిల్లలు వేరు. నిన్నటిదాకా ఆడుకున్నవాడు బడి పేరెత్తితే వణకడం, తిండి మానడం, పక్క తడపడం, ఒంటి మీద గుర్తులు. అక్కడ చీటీలూ టిక్కులూ వద్దు. పిల్లాణ్ణి తిట్టకుండా మాట్లాడనివ్వండి, అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి.

మీరు రేపు డైరీలో రాయాల్సింది ఇది, ఉన్నదున్నట్టు రాసి పంపండి:

‘సార్, నమస్కారం. మీరు రాసినవి చూశాం. ఇంట్లో ఇక కొట్టము. మనవాడు ఏ పీరియడ్‌లో, దేని తర్వాత, ఏం చేస్తున్నాడో ఐదు రోజులు రాసి పెట్టమని మనవి. గురువారం లాంగ్ బెల్ తర్వాత నేను వస్తాను, వాళ్ళ నాన్న ఫోన్‌లో ఉంటాడు. ఇరవై నిమిషాలు ఇవ్వగలరా?’